గుండెలో యంత్రం ఉన్నా నాడి చూసుకోక తప్పదు

డోన్: కర్నూలు పెద్దాసుపత్రిలో పది రోజులు ఉండి, గుండెకు పేస్‌మేకర్ పెట్టించుకొని ఒక పెద్దాయన డోన్‌లో బస్సు దిగి పల్లెకు చేరాడనుకుందాం. ఎడమ చెయ్యి ఒంటికి ఆనించుకొని ఉంటాడు. చొక్కా లోపల, మెడ కింది అడ్డ ఎముకకు దిగువన చిన్న పట్టీ. అరుగు మీద కూర్చోగానే పదిమంది పోగవుతారు.

“మామా, ఇంక మోటరు కాడికి పోవచ్చునా?” అని ఒకరు అడుగుతారు. “సెల్లు ఫోను దగ్గర పెట్టుకుంటే గుండె ఆగిపోతాదంట కదా?” అని ఇంకొకరు. “మిషను పెట్టినారు, ఇంక నీకు నూరేండ్లు భయం లేదు” అని మరొకరు ధైర్యం చెబుతారు. ఆ భయంలో సగం నిజం ఉంది. ఆ ధైర్యంలోనూ సగమే నిజం ఉంది.

యంత్రం గుండెను కొట్టిస్తుంది. ఆ యంత్రాన్ని కనిపెట్టి ఉండవలసింది మాత్రం మనిషే. ఆసుపత్రిలో గంట, గంటన్నరలో ముగిసే పని కన్నా, ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఇంటి దగ్గర సాగవలసిన పనే పెద్దది. ఒళ్ళు తేలికపడగానే ఆ పని మరచిపోవడంలోనే అసలు ముప్పు ఉంది.

గాలి సోకడం కాదు

గుండెకు సొంత కరెంటు ఉంది. కుడివైపు పై గదిలోని చిన్న కండర భాగంలో ఆ కరెంటు పుట్టి, కింది గదులకు పాకి, గుండెను ముడుచుకొనేటట్లు చేస్తుంది. నిమిషానికి 72 సార్లు కొట్టుకుంటే రోజుకు లక్షకు పైగా దెబ్బలు. వయసు మీదపడినందువల్లనో, గుండె జబ్బు వల్లనో ఆ కరెంటు దారి దెబ్బ తింటే దెబ్బలు తగ్గిపోతాయి. నిమిషానికి 30, 40కి పడిపోవచ్చు. ఒక్కొక్కప్పుడు కొన్ని సెకండ్లు ఆగిపోవచ్చు. మెదడుకు రక్తం చాలక మనిషి ఉన్నచోటనే కూలిపోతాడు.

మొహాన నీళ్ళు చల్లేలోపు లేచి కూర్చుంటాడు కాబట్టి ఇంట్లోవాళ్ళు దాన్ని జబ్బు అనుకోరు. గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు. ఎండ దెబ్బ అంటారు. మూర్ఛ అని మందులు మింగిస్తారు. ఇలా నెలలు గడిచిపోతాయి. పడిన మనిషి మణికట్టు పట్టుకొని, నిమిషంపాటు నాడి లెక్కపెడితే సగం సంగతి అక్కడే తెలిసిపోతుంది. పడిపోవడాలన్నీ గుండెవే కాకపోవచ్చు. కాని నాడి మరీ నిదానంగా ఉంటే ఆలస్యం లేకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళి ఇ.సి.జి. తీయించాలి.

పల్లెల్లో మరొక పొరపాటు కూడా ఉంది. “గుండెలో స్ప్రింగు వేశారు”, “గుండెలో మిషను పెట్టారు” అనే రెండు మాటలను ఒకటే అనుకుంటారు. స్ప్రింగు అంటే స్టెంటు. పూడుకుపోయిన రక్తనాళాన్ని తెరిచి ఉంచే జాలీ గొట్టం అది. అబ్దుల్ కలాం, హైదరాబాదు గుండె వైద్యుడు డాక్టర్ సోమరాజు కలిసి 1990లలో తక్కువ ధరకు రూపొందించిన కలాం-రాజు స్టెంటు ఈ కోవలోదే. దానికి కరెంటుతో పని లేదు. పేస్‌మేకర్ అలా కాదు. అది బ్యాటరీతో నడిచే యంత్రం. స్టెంటు ఉన్నవారికి పనికివచ్చే జాగ్రత్తలు వేరు, యంత్రం ఉన్నవారికి వేరు. ఒకరిని చూసి ఇంకొకరు నడుచుకోకూడదు.

పాలిష్ డబ్బాలో మొదలైన కథ

మనిషి ఒంట్లో పూర్తిగా అమర్చిన మొదటి పేస్‌మేకర్ 1958 అక్టోబరు 8న స్వీడన్ దేశంలోని స్టాక్‌హోంలో పెట్టారు. పెట్టించుకున్నవాడు ఆర్నె లార్సన్. అప్పటికి అతని వయసు 43 ఏళ్ళు. రోజూ ఎన్నోసార్లు స్పృహ తప్పి పడిపోయేవాడు. అతని భార్య ఎల్స్-మేరీ పట్టు విడవకుండా వైద్యుడు ఓకే సెన్నింగ్ చుట్టూ, ఇంజనీరు రూనె ఎల్మ్‌క్విస్ట్ చుట్టూ తిరిగి వారిని ఒప్పించింది. ఎల్మ్‌క్విస్ట్ ఆ యంత్రానికి బూటు పాలిష్ డబ్బాను అచ్చుగా వాడి పోత పోశాడు. మొదటి యంత్రం కొన్ని గంటలే పనిచేసింది. వెంటనే రెండవది పెట్టారు.

ఆ తర్వాత లార్సన్ తన జీవితంలో 20కి పైగా యంత్రాలు మార్పించుకున్నాడు. 2001లో, 86వ ఏట క్యాన్సర్‌తో కన్నుమూశాడు. తనకు యంత్రం చేసిన ఇంజనీరు కన్నా, దాన్ని పెట్టిన వైద్యుని కన్నా ఎక్కువ కాలం బ్రతికాడు. మొదటి యంత్రం గొప్పదై కాదు. అది కొద్ది గంటలకే మొరాయించింది. ఎప్పటికప్పుడు చూపించుకొని, అవసరమైనప్పుడల్లా మార్పించుకోవడమే అతన్ని 43 ఏళ్ళు నిలబెట్టింది.

ఇప్పటి యంత్రం అంత శ్రమ పెట్టదు. 1970లలో లిథియం బ్యాటరీ వచ్చిన తర్వాత దాని ఆయుష్షు పెరిగింది. అరచేతిలో ఇమిడిపోయే చిన్న లోహపు పెట్టె అది. చర్మం కింద ఉంటుంది. దాని నుంచి ఒకటో రెండో సన్నని తీగలు రక్తనాళం గుండా గుండెలోకి వెళతాయి. గుండె తనంతట తాను సరిగా కొట్టుకుంటుంటే యంత్రం ఊరక చూస్తూ ఉంటుంది. దెబ్బ తప్పితే మాత్రం సన్నని కరెంటు పంపి కొట్టిస్తుంది. తీగలే లేకుండా, మాత్ర గొట్టమంత యంత్రాన్ని నేరుగా గుండె లోపలే అమర్చే పద్ధతి కూడా 2010ల నుంచి వచ్చింది.

చేలో, ఇంట్లో

మొదటి నాలుగు నుంచి ఆరు వారాలు యంత్రం ఉన్న వైపు మోచేతిని భుజం కన్నా పైకి ఎత్తకూడదు. తీగలు గుండెలో కుదురుకొనేదాకా ఈ కట్టడి తప్పదు. నెత్తిన బిందె పెట్టుకొని చెయ్యి ఎత్తి పట్టుకోవడం, గడ్డపార వేయడం, పలుపు తెంచుకున్న దూడను గుంజిపట్టడం, బస్తా ఎత్తడం అన్నీ మానుకోవాలి. తల మీదుగా తొడిగే బనియను కన్నా ముందు గుండీలున్న చొక్కా మేలు. అయితే భయపడి చెయ్యి అసలే కదపకుండా కట్టుకుంటే భుజం బిగుసుకుపోతుంది. కిందివైపున మామూలుగా ఆడిస్తూ ఉండాలి.

ఆ తర్వాత చాలామంది తమ పనులకు తాము వెళ్ళవచ్చు. నడక, విత్తనం వేయడం, పాలు పితకడం, అంగడి చూసుకోవడం వేటికీ అడ్డు లేదు. నాపరాయి గనుల్లో సమ్మెట కొట్టేవారు, బండలు మోసేవారు మాత్రం పనిలోకి దిగేముందు వైద్యుణ్ణి అడగాలి. బరువుతో భుజం పదే పదే ఆడితే, మెడ కింది ఎముకకూ పక్కటెముకకూ నడుమ తీగ నలిగి తెగవచ్చు. కావడి గాని, నాగలి గాని యంత్రం ఉన్న భుజం మీద మోయకూడదు. ట్రాక్టరు కుదుపులకు కొన్ని రకాల యంత్రాలు మనిషి నడుస్తున్నాడని భ్రమపడి నాడి వేగం కాస్త పెంచుతాయి. దానికి బెదరనక్కరలేదు.

ఇంట్లో ఫ్యాను, టి.వి., ఫ్రిజ్, మిక్సీ, కుట్టు మిషను నిశ్చింతగా వాడుకోవచ్చు. సెల్లు ఫోను కూడా వాడుకోవచ్చు. కాని చాలామందికి ఫోను చోటు చొక్కా ఎడమ జేబే. యంత్రం చోటూ సరిగ్గా అదే. ఆ రెంటికీ నడుమ జానెడు దూరం ఉండాలి. ఫోను నడుము జేబులోకి మార్చుకొని, కుడి చెవి దగ్గర పెట్టుకొని మాట్లాడితే సరిపోతుంది. కొన్ని కొత్త ఫోన్లలో అయస్కాంతాలు కూడా ఉంటున్నాయి కాబట్టి ఈ జాగ్రత్త మరీ అవసరం.

అయస్కాంతం దగ్గరకు వస్తే పేస్‌మేకర్ గుండెను చూడడం మాని, ఒకే వేగంతో కొట్టించడం మొదలుపెడుతుంది. దూరం జరగగానే మళ్ళీ మామూలవుతుంది. తిరునాళ్ళలో పెద్ద పెద్ద స్పీకరు పెట్టెలకు ఆనుకొని నిలబడరాదు. నొప్పులు పోతాయని అమ్మే అయస్కాంత పరుపులు, పట్టీలు కొనరాదు. నరాలకు కరెంటు పెట్టే వైద్యం వైద్యుని అనుమతి లేనిదే చేయించుకోరాదు. కరెంటు ఇండక్షన్ పొయ్యికి మూరన్నర దూరంలో ఉండాలి. వెల్డింగు జరిగే చోట అంతకన్నా ఎడంగా ఉండడమే క్షేమం. వెల్డింగే వృత్తి అయినవారు ముందే ఆ సంగతి వైద్యునితో చెప్పాలి. నడుస్తున్న ఇంజను మీద ఛాతీ ఆనేటట్లు వంగకూడదు.

ఇక బోరు మోటరు. స్టార్టరు బటను నొక్కడం వల్ల యంత్రానికి ఏమీ కాదు. ముప్పు తెచ్చేది ఎర్తు లేని పెట్టె, తడి నేల, అతుకులు వేసిన తీగ. ఒంట్లోకి కరెంటు పాకితే ఎవరికైనా ప్రమాదమే. పేస్‌మేకర్ ఉన్నవారికి మరొక చిక్కు ఉంది. ఆ పాకే కరెంటునే గుండె దెబ్బ అనుకొని యంత్రం తన పని ఆపివేయవచ్చు. అందుచేత మోటరు కాడికి పోవచ్చునా అన్న ప్రశ్నకు జవాబు ఇది: ఎర్తు సరిచేయించి, కాళ్ళకు చెప్పులు వేసుకొని, తడి చేతులు తుడుచుకొని పోవచ్చు. అది కుదరనప్పుడు ఆ పని ఇంట్లో ఇంకొకరు చూసుకోవాలి.

గడియారం, నోటుపుస్తకం

యంత్రాన్ని కనిపెట్టి ఉండడానికి ఖరీదైన సామాను అక్కరలేదు. సెకండ్ల ముల్లున్న గడియారం ఒకటి, నోటుపుస్తకం ఒకటి చాలు. ఉదయం లేచి, ఐదు నిమిషాలు నెమ్మదిగా కూర్చొని, బొటనవేలి వైపు మణికట్టు మీద రెండు వేళ్ళు ఆనించాలి. బొటనవేలితో చూడకూడదు. దాని నాడి దానికే తగులుతుంది. నిమిషంపాటు లెక్కపెట్టి, తేదీ వేసి రాసుకోవాలి. కళ్ళు ఆననివారికి బడికి పోయే మనుమడో మనుమరాలో ఈ పని చేసిపెట్టవచ్చు.

ఎంత ఉండాలన్నది అందరికీ ఒకే లెక్క కాదు. నాడి ఎంతకన్నా తగ్గకూడదో వైద్యుడు ముందే యంత్రంలో పెట్టి ఉంచుతాడు. చాలామందికి అది నిమిషానికి 60. ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడే “నా లెక్క ఎంత?” అని అడిగి, నోటుపుస్తకం మొదటి పేజీలో రాయించుకోవాలి. రెండు మూడుసార్లు చూసినా నాడి ఆ లెక్కకన్నా తక్కువే వస్తుంటే ఆసుపత్రికి కబురు చేయాలి. నడుమ నడుమ ఎగిరే దెబ్బలు వేళ్ళకు అందక, యంత్రం సరిగా ఉన్నా లెక్క తగ్గినట్లు కనిపించవచ్చు. అది తేల్చవలసింది ఇ.సి.జి. కాగితమే.

నాడితోపాటు చూసుకోవలసినవి మరికొన్ని ఉన్నాయి. కళ్ళు తిరగడం, మళ్ళీ పడిపోవడం, ఆయాసం, కాళ్ళ వాపు. యంత్రం ఉన్నచోట ఎరుపు, వాపు, చీము, చర్మం పలచబడడం, జ్వరం. ఎక్కిళ్ళు వదలకుండా వస్తుంటే ఎవరో తలుచుకుంటున్నారని ఊరుకోకూడదు. తీగ చోటు తప్పినా అలా రావచ్చు. పుండు మీద పసుపు, ఆకు పసరు వంటివి పెట్టడం అసలే పనికిరాదు. చీము యంత్రం దాకా పోతే, తీగలతో సహా అంతా తీసివేయవలసి వస్తుంది.

ఇప్పుడు నాడి చూసే చేతి గడియారాలు, వేలికి తగిలించే ఆక్సిజను మీటర్లు, కరెంటు బి.పి. మిషన్లు పల్లెలకూ వచ్చాయి. ఇవి సాయం చేస్తాయి. కాని చేతి గడియారం వెలుగు సాయంతో రక్తపు కదలికను లెక్కపెడుతుందే గాని పేస్‌మేకర్‌లోకి తొంగి చూడలేదు. పట్టీ వదులుగా ఉన్నా, చేతులు చల్లబడినా లెక్క తప్పుతుంది. అంకె తేడాగా కనిపిస్తే ముందు వేళ్ళతో లెక్కపెట్టి చూడాలి. అంకె బాగున్నా ఒంట్లో బాగులేకపోతే ఒంటి మాటే వినాలి.

కొన్ని కొత్తరకం యంత్రాలు తమ సంగతులు తామే పంపుతాయి. మంచం పక్కన పెట్టే పెట్టె ద్వారానో, సెల్లు ఫోను ద్వారానో ఆసుపత్రికి చేరవేస్తాయి. దూరాన ఉన్న పల్లెలకు ఇది మంచి సదుపాయమే. అయితే ఊళ్ళో సిగ్నలు ఉండాలి, పెట్టెకు కరెంటు ఉండాలి, అటువైపు చూసే మనిషి ఉండాలి. అది అంబులెన్సును పిలిచే గంట కాదు. మనిషి పడిపోతే 108కి ఫోను చేయవలసింది ఇంట్లోవాళ్ళే.

గుండెలో షాకు ఇచ్చే యంత్రం పెట్టించుకున్నవారూ ఉంటారు. పేస్‌మేకర్ నిదానించిన గుండెను లేపుతుంది. ఇది అదుపు తప్పి పరుగెత్తే గుండెను ఒక్క దెబ్బతో దారికి తెస్తుంది. మనిషికి మొదటిసారి దీన్ని అమర్చింది 1980లో అమెరికాలో. ఒక షాకు తగిలి ఒళ్ళు మామూలుగానే ఉంటే ఆ రోజే వైద్యునితో మాట్లాడాలి. వెంటవెంటనే షాకులు తగిలినా, షాకు తర్వాత నీరసించినా క్షణం ఆలస్యం చేయకూడదు.

తేదీ తప్పితే

పేస్‌మేకర్ బ్యాటరీని గడియారం బ్యాటరీలాగా విడిగా మార్చరు. ఏడెనిమిదేళ్ళకో, పదేళ్ళకో, ఇంకా తర్వాతో పెట్టె మొత్తం మారుస్తారు. తీగలు బాగుంటే వాటినే ఉంచుతారు. బ్యాటరీ ఎంత మిగిలిందో ఇంటి దగ్గర తెలియదు. ఆసుపత్రిలో ఛాతీ మీద చిన్న పరికరం ఆనించి కంప్యూటరుతో చూస్తారు. సూది లేదు, నొప్పి లేదు. బ్యాటరీ బలం, తీగల స్థితి, ఈ నడుమ గుండె ఎలా కొట్టుకున్నదీ అన్నీ తెలిసిపోతాయి. పెట్టించుకున్న రెండు మూడు నెలల్లో ఒకసారి, ఆ తర్వాత వైద్యుడు చెప్పినట్లు ఆరు నెలలకో ఏడాదికో చూపించుకోవాలి. మార్చవలసిన సమయం వచ్చిందని యంత్రం గుర్తు చూపిన తర్వాత సాధారణంగా మూడు నెలలే వ్యవధి ఉంటుంది.

పల్లెలో తేదీ తప్పించే కారణాలకు కొదువ లేదు. దసరా దాటితే బుడ్డలు పీకే రోజులు. ఆ తర్వాత కల్లం పనులు. ఆ తర్వాత ఇంట్లో పెండ్లి. ఒంట్లో బాగానే ఉందిగదా, దారి ఖర్చులు దండుగ అనిపిస్తుంది. బాగున్నప్పుడు వెళ్ళడానికే ఆ తేదీ ఇచ్చారన్నది మరచిపోతారు. ఏళ్ళ తరబడి చూపించుకోకుండా బ్యాటరీ అయిపోతే, పాత జబ్బు పాత రూపంలోనే తిరిగి వస్తుంది. ఈసారి కూలిపోయేది అరుగు మీదనా, బావి గట్టు మీదనా, బండి మీదనా అన్నది ఎవరూ చెప్పలేరు.

డోన్ వారికి దారుల కొరత లేదు. కర్నూలు, నంద్యాల, గుంతకల్లు వైపు రైళ్ళు కలిసే జంక్షను ఇది. కర్నూలు పెద్దాసుపత్రిలో గుండె జబ్బుల విభాగం ఉంది. గుత్తి, అనంతపురం, ధర్మవరం మీదుగా పుట్టపర్తి వెళితే, ప్రశాంతిగ్రాంలో 1991 నవంబరు 22న ప్రారంభమైన శ్రీ సత్యసాయి ఉన్నత వైద్య సంస్థలో గుండె వైద్యం ఉచితం. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, 2024 నుంచి ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో సాగుతున్న పథకంలో పేస్‌మేకర్ అమర్చే చికిత్స ఉంది. పెట్టె మార్పిడికి ఏమి వర్తిస్తుందో ఆసుపత్రిలోని పథకం కౌంటరు వద్ద ముందుగానే అడిగి తెలుసుకోవడం మంచిది. బ్యాటరీ అయిపోవచ్చిన రోజున కాగితాల కోసం పరుగెత్తే పని ఉండకూడదు.

కార్డు పాసుపుస్తకం వంటిది

ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు చిన్న కార్డు ఇస్తారు. యంత్రం చేసిన కంపెనీ, దాని నంబరు, పెట్టిన తేదీ అందులో ఉంటాయి. ఒక కంపెనీ యంత్రాన్ని మరొక కంపెనీ కంప్యూటరు చదవలేదు. కార్డు పోతే ఏ కంప్యూటరుతో చూడాలో కొత్త వైద్యునికి వెంటనే తెలియదు. అసలు కార్డును పొలం పాసుపుస్తకంతోపాటు పెట్టెలో దాచి, జిరాక్సు కాపీ ఒకటి జేబులో ఉంచుకోవాలి. ఫోటో తీసి కొడుకు ఫోనులో, కూతురు ఫోనులో ఉంచితే ఇంకా మేలు.

ఏ ఆసుపత్రికి వెళ్ళినా, ఏ జబ్బుకు వెళ్ళినా ముందుగా ఆ కార్డు చూపించాలి. ఎక్స్‌రే, కడుపు స్కానింగు వంటివాటికి ఇబ్బంది లేదు. ఎం.ఆర్.ఐ. స్కానింగుకు అన్ని యంత్రాలూ తగవు. తగినవాటికి కూడా ముందుగా యంత్రాన్ని సర్దవలసి ఉంటుంది. ఆపరేషన్లలో కరెంటు కత్తి వాడతారు కాబట్టి అక్కడా ముందే చెప్పాలి. విమానం ఎక్కి గల్ఫుకు వెళ్ళే పిల్లలను చూడబోయేవారు తనిఖీ గేటు దగ్గర కార్డు చూపి చెబితే సరిపోతుంది.

చెప్పడానికి కష్టమైనా, ఇంట్లోవారికి తెలిసి ఉండవలసిన మాట మరొకటి ఉంది. యంత్రం ఉన్న మనిషి కాలం చేసినప్పుడు పూడ్చే ఆచారం ఉన్నవారికి చిక్కు లేదు. దహనం చేసే ఆచారం ఉంటే మాత్రం ముందుగా ఆసుపత్రివారితో యంత్రాన్ని తీయించాలి. చితి వేడికి బ్యాటరీ పేలి, చుట్టూ నిలబడినవారికి గాయాలు కావచ్చు. ఈ సంగతి కార్డు వెనుక ఒక ముక్క రాసిపెట్టుకోవడం అశుభం కాదు.

అరుగు మీద అడిగిన ప్రశ్నలకు చివరికి జవాబు చిన్నదే. మోటరు కాడికి పోవచ్చు, ఎర్తు చూసుకొని. ఫోను మాట్లాడవచ్చు, జేబు మార్చుకొని. చాలాకాలం బ్రతకవచ్చు, తేదీ తప్పకుండా. రోజుకు లక్ష దెబ్బలు తప్పకుండా చూసే భారం యంత్రం మోస్తోంది. పొద్దున్నే నిమిషంపాటు నాడి పట్టుకొని నోటుపుస్తకంలో అంకె వేయడం, ఏడాదికి ఒకటి రెండుసార్లు డోన్‌లో బస్సో రైలో ఎక్కడం మాత్రమే మనిషి వంతు.